గల్ఫ్‌లో జబ్బు సెలవులో ఉండగా ఉద్యోగం పోతే... హక్కులు, లెక్కలు, కాగితాలు

దమ్మామ్‌లో మేస్త్రీ పని చేసే జగిత్యాల మనిషి ఒకరున్నారు అనుకుందాం. ఆరేళ్ల సర్వీసు, నెలకు 2,000 రియాళ్ల జీతం. ఒకరోజు నడుము పట్టేసింది. ఆస్పత్రిలో డిస్క్ జారిందన్నారు, ఆపరేషన్ చేసి మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారు. రెండో నెలలో కంపెనీ మందూబ్ క్యాంపు రూముకే వచ్చాడు. చేతిలో అరబీ కాగితం. "ఇక్కడ సంతకం పెట్టు భాయ్, టికెట్ ఇస్తాం, ఇంటికి పోయి బాగు చేసుకో, తగ్గినాక మళ్లీ రా" అన్నాడు. నొప్పిలో ఉన్న మనిషి, ఇంటికి పోతే చాలనుకుని సంతకం పెట్టేశాడు.

ఆ కాగితం మీద ఉన్నది సెలవు దరఖాస్తు కాదు, రాజీనామా. ఉర్దూలో మనం ఇస్తీఫా అనేదాన్నే అరబీలో ఇస్తిఖాలా అంటారు. ఆ ఒక్క సంతకంతో "కంపెనీ తీసేసింది" కాస్తా "తనే మానేశాడు" అయిపోయింది. సర్వీసు పైసల్లో మూడో వంతు పోయింది. అడగగలిగిన పరిహారం కూడా పోయింది.

ఇలాంటి కథ నిజామాబాద్, కరీంనగర్, కామారెడ్డి, సిరిసిల్ల ఊళ్లలోనూ, హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లోనూ చాలా ఇళ్లకు తెలుసు. గల్ఫ్ చట్టాల్లో జబ్బు పడ్డ కార్మికుడికి రక్షణ లేదని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. అది నిజం కాదు, రక్షణ ఉంది. అయితే దానికి రోజుల లెక్క ఉంది, కాగితం లేకపోతే అది పనిచేయదు. ఆ లెక్క ఏమిటో, ఏ కాగితం దాచుకోవాలో, దేని మీద సంతకం పెట్టకూడదో ఈ వ్యాసంలో చూద్దాం.

సౌదీలో జబ్బు సెలవు ఎన్ని రోజులు?

సౌదీ కార్మిక చట్టం 117వ అధికరణ ప్రకారం జబ్బు రుజువైన కార్మికుడికి ఏడాదిలో మొత్తం 120 రోజుల సెలవు ఉంటుంది. మొదటి 30 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు ముప్పావు జీతం ఇస్తారు. ఆఖరి 30 రోజులకు జీతం ఉండదు, కానీ ఉద్యోగం ఉంటుంది. ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు కాదు. మొదటి జబ్బు సెలవు తీసుకున్న రోజు నుంచి ఏడాది లెక్క. సెలవు ఒకేసారి తీసుకున్నా, విడివిడిగా తీసుకున్నా లెక్క ఒకటే.

మన మేస్త్రీ జీతం 2,000 రియాళ్లు. మొదటి నెలకు 2,000, తర్వాతి రెండు నెలలకు నెలకు 1,500 చొప్పున 3,000. నాలుగో నెలకు ఏమీ రాదు. నాలుగు నెలల్లో మొత్తం 5,000 రియాళ్లు చేతికి రావాలి. "పని చేయని రోజులకు జీతం ఎక్కడిది?" అని ఫోర్‌మన్ అన్నంత మాత్రాన ఈ హక్కు పోదు.

ఇంకో మాట చాలామందికి తెలియదు. జబ్బు సెలవుకు వార్షిక సెలవును కలుపుకోవచ్చు. సౌదీలో వార్షిక సెలవు ఏడాదికి 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు దాటితే 30 రోజులు. మన మేస్త్రీకి ఆ ఏడాది వెకేషన్ ఇంకా మిగిలి ఉంటే, 120 రోజులకు అది కలిసి దాదాపు ఐదు నెలల గడువు దొరుకుతుంది. వాడుకోని వార్షిక సెలవుకు ఉద్యోగం ముగిసినప్పుడు డబ్బు కట్టివ్వాలి.

మిగతా దేశాల్లో...

యూఏఈలో 2021 నాటి 33వ నంబరు చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉంది. ప్రొబేషన్ పూర్తయ్యాక ఏడాదికి 90 రోజుల జబ్బు సెలవు ఉంటుంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగిలిన 45 రోజులు జీతం లేకుండా. జబ్బు పడ్డ సంగతి మూడు పని దినాల్లోగా యజమానికి తెలపాలి, మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. ప్రొబేషన్‌లో ఉన్నవారికి జీతంతో కూడిన జబ్బు సెలవు లేదు.

కువైట్‌లో మొత్తం 75 రోజులు. 15 రోజులు పూర్తి జీతం, 10 రోజులు ముప్పావు, 10 రోజులు సగం, 10 రోజులు పావు జీతం, చివరి 30 రోజులు జీతం లేకుండా.

ఖతర్‌లో మూడు నెలల సర్వీసు పూర్తయ్యాక హక్కు వస్తుంది. మొదటి రెండు వారాలు పూర్తి జీతం, తర్వాతి నాలుగు వారాలు సగం జీతం, ఆపైన జీతం లేని సెలవు. పని చేయలేరని వైద్య నివేదిక ఉంటే 12వ వారం ముగిశాక యజమాని ఉద్యోగం నుంచి తీసేయవచ్చు.

బహ్రెయిన్‌లో మూడు నెలల సర్వీసు తర్వాత ఏడాదికి 55 రోజులు. 15 పూర్తి జీతంతో, 20 సగం జీతంతో, 20 జీతం లేకుండా.

ఒమాన్‌లో 2023లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. అక్కడ గడువు అన్నిటికంటే ఎక్కువ, 182 రోజులు. మొదటి 21 రోజులు పూర్తి జీతం, 22 నుంచి 35వ రోజు దాకా ముప్పావు, 36 నుంచి 70 దాకా సగం, ఆ తర్వాత 182వ రోజు దాకా 35 శాతం.

పక్క దేశంలో ఉన్న బామ్మర్ది చెప్పిన లెక్క మీకు వర్తించదు. మీరు పని చేసే దేశం లెక్కే మీది.

ఎప్పుడు తీసేయవచ్చు, ఎప్పుడు తీయకూడదు?

సౌదీ చట్టం 82వ అధికరణ సూటిగా చెబుతుంది: జబ్బు సెలవుగా చట్టం ఇచ్చిన రోజులు పూర్తి కాకముందు, జబ్బు కారణం చూపి కార్మికుడిని ఉద్యోగం నుంచి తీయకూడదు. అంటే మన మేస్త్రీని రెండో నెలలో తీసే హక్కు కంపెనీకి లేదు. అందుకే మందూబ్ తొలగింపు ఉత్తరం తేలేదు, రాజీనామా కాగితం తెచ్చాడు. ఈ తేడా అర్థమైతే సగం విషయం అర్థమైనట్టే.

120 రోజులూ అయిపోయాక కూడా పనికి రాలేకపోతే కంపెనీ ఉద్యోగం ముగించవచ్చు. అది చట్టవిరుద్ధం కాదు. కానీ అప్పుడు కూడా సర్వీసు పైసలు పూర్తిగా, వాడని వెకేషన్ డబ్బు, బాకీ జీతం ఇవ్వాల్సిందే. యూఏఈలోనూ అంతే. 90 రోజులు వాడుకున్నాక పనికి రాలేని మనిషిని తీసేయవచ్చు, కానీ రావలసినవన్నీ ఇచ్చి పంపాలి.

గడువులోపే, జబ్బు వల్లే తీసేశారని తేలితే సౌదీలో 77వ అధికరణ కింద పరిహారం అడగవచ్చు. కాంట్రాక్టులో వేరే పరిహారం రాసుకోకపోతే, గడువు ఉన్న కాంట్రాక్టులో మిగిలిన నెలల జీతం ఇవ్వాలి. ఎలా చూసినా అది రెండు నెలల జీతానికి తగ్గకూడదు. మన మేస్త్రీ కాంట్రాక్టులో ఇంకా ఏడు నెలలు ఉంటే ఆ పరిహారం 14,000 రియాళ్లు. రాజీనామా మీద సంతకం పెట్టాక ఇది అడగడానికి దారి దాదాపు మూసుకుపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కాంట్రాక్టు గడువు ముగియడం వేరు, తీసేయడం వేరు. సౌదీలో విదేశీ కార్మికుల కాంట్రాక్టులన్నీ గడువు ఉన్నవే. సెలవులో ఉండగా కాంట్రాక్టు తేదీ ముగిస్తే, యజమాని దాన్ని పొడిగించకపోవచ్చు. అందుకే జబ్బు పడ్డ మొదటి రోజే కివా యాప్‌లో మీ కాంట్రాక్టు ఏ తేదీకి ముగుస్తుందో చూసి రాసి పెట్టుకోండి. ప్రొబేషన్‌లో ఉన్నవారికి రక్షణ ఇంకా తక్కువ.

సెలవా, గైర్హాజరా? హురూబ్ ప్రమాదం

గల్ఫ్‌లో జబ్బు మనిషికి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రూములో పడుకుని, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని, ఫోర్‌మన్‌కు నోటిమాటగా చెప్పి ఊరుకుంటే, కాగితం మీద అది జబ్బు సెలవు కాదు, గైర్హాజరు.

సౌదీ చట్టం 80వ అధికరణ ప్రకారం సరైన కారణం లేకుండా వరసగా 15 రోజులకు మించి గానీ, ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి గానీ పనికి రాకపోతే సర్వీసు పైసలు ఇవ్వకుండానే తీసేయవచ్చు. దానికి ముందు, వరస గైర్హాజరైతే 10 రోజుల తర్వాత, విడివిడి గైర్హాజరైతే 20 రోజుల తర్వాత రాతపూర్వకంగా హెచ్చరించాలి. పైగా "పని వదిలి పోయాడు" అని కఫీల్ రిపోర్టు చేస్తే హురూబ్ పడుతుంది. హురూబ్ పడితే జబ్బు మనిషి అక్రమంగా ఉంటున్నవాడి లెక్కలోకి వస్తాడు. ఆస్పత్రికి పోవడానికీ, ఇంటికి రావడానికీ తిప్పలే.

దీనికి మందు ఒక్కటే, డాక్టర్ ఇచ్చిన సెలవు సర్టిఫికెట్. సౌదీలో ఆస్పత్రులు ఇప్పుడు జబ్బు సెలవును సిహ్హా వ్యవస్థలో ఎక్కిస్తాయి, అది మీ ఫోన్‌లో సిహ్హతీ యాప్‌లో కనిపిస్తుంది. ఆస్పత్రి నుంచి బయటికి వచ్చే ముందే యాప్‌లో ఎక్కిందో లేదో చూసుకోండి. దాని ఫోటో తీసి కంపెనీ హెచ్‌ఆర్‌కు గానీ మందూబ్‌కు గానీ వాట్సాప్‌లో, ఉంటే ఈమెయిల్‌లో పంపండి. "సార్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా డాక్టర్ సెలవు ఇచ్చారు, సర్టిఫికెట్ పంపుతున్నాను" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఉర్దూలో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే. తేదీతో సహా అది సాక్ష్యం. సెలవు పొడిగించిన ప్రతిసారీ పాతది ముగియకముందే కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి. మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉన్నా అవి గైర్హాజరు కింద రాయవచ్చు.

ప్రైవేటు కంపెనీ కార్మికులకు సౌదీలో హెల్త్ ఇన్సూరెన్స్ యజమానే చేయించాలి, అది తప్పనిసరి. ఇఖామా ఫీజు, వర్క్ పర్మిట్ ఫీజు కూడా యజమానివే. "జబ్బు రోజుల ఇఖామా ఖర్చు నీ జీతంలోంచి కోస్తాం" అంటే ఒప్పుకోనక్కర లేదు.

రాజీనామా సంతకం ఖరీదు ఎంత?

సౌదీలో సర్వీసు పైసల లెక్క ఇది. మొదటి ఐదేళ్లలో ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి పూర్తి నెల జీతం. లెక్క చివరి జీతం మీద కడతారు. ఉద్యోగం యజమాని ముగించినా, కాంట్రాక్టు గడువు ముగిసినా ఈ మొత్తం పూర్తిగా రావాలి.

కార్మికుడు రాజీనామా చేస్తే కోత పడుతుంది. రెండేళ్లలోపు సర్వీసుకు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల దాకా మూడో వంతే వస్తుంది. ఐదు దాటి పదేళ్లలోపు మూడింట రెండు వంతులు. పదేళ్లు నిండితే పూర్తిగా.

మన మేస్త్రీ ఆరేళ్లు చేశారు. మొదటి ఐదేళ్లకు 1,000 చొప్పున 5,000, ఆరో ఏడాదికి 2,000, కలిపి 7,000 రియాళ్లు. రాజీనామా చేశారు కాబట్టి దాదాపు 4,667 వస్తాయి. అదే జీతంతో నాలుగేళ్లు చేసిన వ్యక్తి అయితే 4,000 రావలసిన చోట 1,333 దగ్గర ఆగిపోతుంది. ఏడాదిన్నర చేసిన కుర్రాడికి సున్నా. చెల్లని జబ్బు సెలవు జీతం, మిగిలిన కాంట్రాక్టు పరిహారం కలిపి చూస్తే ఆ ఒక్క సంతకం ఖరీదు కొన్ని వేల రియాళ్లు.

యూఏఈలో కొత్త చట్టం వచ్చాక రాజీనామాకు ఈ కోత లేదు. ఏడాది సర్వీసు నిండితే మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది ఇస్తారు. బేసిక్ 1,500 దిర్హాములు, నాలుగేళ్ల సర్వీసు అనుకుంటే రోజుకు 50 చొప్పున 21 రోజులకు 1,050, నాలుగేళ్లకు 4,200 దిర్హాములు. అక్కడ అలవెన్సులు లెక్కలోకి రావు, బేసిక్ మాత్రమే. అందుకే కాంట్రాక్టులో బేసిక్ ఎంత రాశారో చూసుకోవాలి.

ఇంకో కాగితం ముఖాలసా. "నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఇక ఏ బాకీ లేదు" అని రాసే కాగితం అది. డబ్బు ఖాతాలో పడకముందు ముఖాలసా మీద సంతకం పెట్టకండి. టికెట్ చేతిలో పెట్టి, విమానం రాత్రికే ఉందని తొందరపెట్టి ఈ సంతకం అడగడం మామూలే.

అరబీ చదవడం రాకపోతే ఏం చేయాలి? ఉర్దూ చదివేవాళ్లు రూములో ఉంటే అక్షరాలు పోల్చుకోగలరు. ఇస్తిఖాలా, ముఖాలసా అన్న మాటలు కాగితం పైభాగంలోనే ఉంటాయి. ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్‌లు కూడా ఉన్నాయి. "చదివించుకుని రేపు ఇస్తాను" అనే హక్కు మీకుంది. ఒకవేళ తప్పనిసరై సంతకం పెట్టాల్సి వస్తే, ముందు ఆ కాగితం ఫోటో తీసుకోండి.

ఇంటికి వచ్చి చికిత్స చేయించుకుంటే...

చాలామంది ఆపరేషన్ మన దగ్గరే చేయించుకుంటామంటారు. అమ్మ, భార్య దగ్గర ఉంటారు, భాష తెలుస్తుంది. తప్పేమీ లేదు. కానీ ఏ కాగితం మీద వస్తున్నారో చూడాలి. ఎగ్జిట్ రీ-ఎంట్రీ మీద వస్తే ఉద్యోగం ఉన్నట్టు. ఖురూజ్ నిహాయి, అంటే ఫైనల్ ఎగ్జిట్ మీద వస్తే ఉద్యోగం ముగిసినట్టే. "తగ్గినాక రా" అన్న మాటకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాక విలువ లేదు. మళ్లీ వెళ్లాలంటే కొత్త వీసా, కొత్త ఏజెంటు, కొత్త అప్పు.

రీ-ఎంట్రీ గడువు జబ్బు తగ్గే దాకా ఆగదు. మీరు ఇండియాలో ఉండగా దాన్ని పొడిగించాల్సింది యజమానే. కాబట్టి గడువు ముగియడానికి కనీసం రెండు, మూడు వారాల ముందే మెడికల్ కాగితాలు జతచేసి, పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. అడిగినట్టు రుజువు ఉంటే "చెప్పకుండా ఇంట్లో కూర్చున్నాడు" అనలేరు. యూఏఈ వీసా ఉన్నవాళ్లు మామూలుగా ఆరు నెలలకు మించి బయట ఉంటే రెసిడెన్సీ రద్దవుతుందని గుర్తుంచుకోవాలి.

ఇక్కడి ఆస్పత్రిలో డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు, ఎన్ని రోజుల విశ్రాంతి కావాలో రాసిన సర్టిఫికెట్ ఇంగ్లీషులో, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరుతో, ఆస్పత్రి ముద్రతో తీసుకోండి. కంపెనీ దానికి ధ్రువీకరణ అడగవచ్చు. ఏది కావాలో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకుంటే తర్వాత వంక పెట్టే అవకాశం ఉండదు.

పని దగ్గర దెబ్బ తగిలితే లెక్క వేరు

పరంజా మీద నుంచి పడినా, మిషన్‌లో చెయ్యి పడినా అది మామూలు జబ్బు సెలవు కాదు, పని ప్రమాదం. సౌదీలో విదేశీ కార్మికుల కోసం కూడా యజమాని ప్రతి నెలా జీతంలో 2 శాతం గోసీ అనే సామాజిక బీమా సంస్థకు కట్టాలి. పని ప్రమాదాల్లో చికిత్స, పని లేని రోజుల భత్యం, అంగవైకల్య పరిహారం అక్కడి నుంచి వస్తాయి. యూఏఈలో పని ప్రమాదానికి చికిత్స కాలంలో ఆరు నెలల దాకా పూర్తి జీతం, అప్పటికీ తగ్గకపోతే మరో ఆరు నెలలు సగం జీతం ఉంటుంది.

అందుకే ఆస్పత్రిలో "రూములో జారి పడ్డానని చెప్పు" అని ఎవరైనా అంటే వినకండి. మొదటి రిపోర్టులో ఏం రాస్తే అదే ఆఖరు దాకా నిలుస్తుంది.

ఇంటి పనివాళ్లు, హౌస్ డ్రైవర్లు, ఆజాద్ వీసావాళ్లు

ఇంట్లో పని చేసే ఖాద్దామాలు, వంటవాళ్లు, హౌస్ డ్రైవర్లకు పైన చెప్పిన కంపెనీ చట్టం వర్తించదు. వాళ్లకు వేరే నియమాలున్నాయి. సౌదీలో వాళ్లకు ఏడాదికి 30 రోజుల దాకా జీతంతో జబ్బు సెలవు ఉంది. యూఏఈలో 30 రోజులు, అందులో 15 జీతంతో, 15 జీతం లేకుండా. రోజులు తక్కువ కాబట్టి వీళ్లు ఇంకా తొందరగా మేల్కోవాలి.

ఆజాద్ వీసా మీద వెళ్లి ఒక కఫీల్ పేరుతో ఉండి ఇంకోచోట పని చేసేవారి పరిస్థితి అన్నిటికంటే కష్టం. పని ఇచ్చినవాడు కాగితం మీద యజమాని కాదు, కాగితం మీద ఉన్న కఫీల్ జీతం ఇవ్వడు. జబ్బు పడితే సెలవు ఎవరిని అడగాలి? ఇన్సూరెన్స్ లేకపోతే బిల్లు ఎవరు కట్టాలి? ఏజెంటు ఆజాద్ వీసా గొప్పగా చెప్పినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఫిర్యాదు ఎక్కడ, ఎప్పటిలోగా?

సౌదీలో ముందు మానవ వనరుల మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయాలి. మనవాళ్లు దీన్ని మక్తబ్ అమల్ అంటారు. ఫోన్ నంబరు 19911. మొదట ఇద్దరినీ పిలిచి రాజీ ప్రయత్నం చేస్తారు, కుదరకపోతే కేసు కార్మిక కోర్టుకు పోతుంది. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 12 నెలల్లోగా కేసు వేయాలి. యజమాని ఉద్యోగం ముగిస్తే వారం రోజుల్లో, కార్మికుడు మానేస్తే రెండు వారాల్లో లెక్క తేల్చి డబ్బు ఇవ్వాలని చట్టం. ఆ గడువు దాటితే ఇక ఎదురుచూడటం దండగ.

యూఏఈలో కార్మిక మంత్రిత్వ శాఖ ఫిర్యాదుల నంబరు 80084. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో డబ్బు రావాలి. 2024లో చేసిన మార్పు తర్వాత ఫిర్యాదు గడువు ఉద్యోగం ముగిసిన నాటి నుంచి రెండేళ్లు. కువైట్, ఖతర్‌లలో ఏడాది.

ఫిర్యాదు ఆ దేశంలో ఉండగా చేయడమే సులువు. ఇంటికి వచ్చేశాక చేయలేమని కాదు, కానీ అక్కడ మీ తరఫున నిలబడే మనిషి కావాలి, ఆ దేశంలో చెల్లేలా ధ్రువీకరించిన వకాలత్‌నామా కావాలి. అందుకే ఫైనల్ ఎగ్జిట్‌కు ముందే లెక్క తేల్చుకోవాలని పదే పదే చెప్పడం.

మన ప్రభుత్వాల నుంచి ఏముంది?

పదో తరగతి పాస్ కాని, ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పోయినా 10 లక్షల రూపాయలు. ఆస్పత్రి ఖర్చుకు లక్ష దాకా, వైద్యపరంగా పనికి తగరని తేలితే ఇంటికి వచ్చే విమాన టికెట్ కూడా ఇందులో ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఏజెంటు చేతిలో పెట్టిన కాగితాల్లో ఈ పాలసీ ఉంటుంది. చాలా ఇళ్లలో అది బీరువాలోనే ఉండి గడువు తీరిపోతుంది. ఈరోజే తీసి చూడండి.

రాయబార కార్యాలయాల్లో భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది. 2009లో మొదలైంది. దిక్కులేని పరిస్థితిలో ఉన్నవారికి అత్యవసర చికిత్సకు, ఇంటికి టికెట్‌కు దీన్నుంచి సాయం చేస్తారు. దమ్మామ్, రియాద్ వైపు ఉన్నవారు రియాద్ ఎంబసీని, జెద్దా, మక్కా, మదీనా వైపు ఉన్నవారు జెద్దా కాన్సులేట్‌ను కలవాలి. ఇంటి నుంచి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు ఇండియాలో 1800-11-3090, యూఏఈలో 800-46342.

తెలంగాణవాళ్లు హైదరాబాద్ ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఇంటికి వచ్చాక చికిత్స కోసం తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు ఉన్నవారి పేరు రేషన్ కార్డులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఆపరేషన్ రోజు పేరు లేదని తెలిస్తే అప్పటికప్పుడు ఏమీ చేయలేరు.

ఇంట్లోవాళ్లు దగ్గర ఉంచుకోవలసినవి

పాస్‌పోర్టు, వీసా పేజీ, ఇఖామా లేదా ఎమిరేట్స్ ఐడీ ఫోటోలు. కాంట్రాక్టు కాపీ. చివరి మూడు నెలల జీతం పడ్డట్టు బ్యాంకు మెసేజీలు. ప్రతి మెడికల్ సర్టిఫికెట్, ప్రతి సెలవు పొడిగింపు. కంపెనీకి పంపిన వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు. బీమా పాలసీ. కంపెనీ పూర్తి పేరు, కఫీల్ పేరు, క్యాంపు చిరునామా, మందూబ్ ఫోన్ నంబరు. ఇవన్నీ భార్య ఫోన్‌లోనో, తమ్ముడి ఫోన్‌లోనో ఒకచోట ఉండాలి. జబ్బు మనిషి ఫోన్ పోయినా, పాడైనా ఇవి పోకూడదు. ఉద్యోగం ముగిశాక సర్వీస్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. సౌదీలో అది ఉచితంగా ఇవ్వాలి, రేపు ఇంకో ఉద్యోగానికి పనికొస్తుంది.

మళ్లీ మన మేస్త్రీ దగ్గరికి వద్దాం. ఆయన ఆ రోజు సంతకం పెట్టకుండా, "కాగితం ఇక్కడ పెట్టి పో భాయ్, చదివించుకుని చెప్తా" అని ఉంటే కంపెనీ ముందు రెండే దారులు. 120 రోజులు ఆగడం, లేదా తన చేత్తో తొలగింపు ఉత్తరం రాయడం. మొదటి దారిలో ఆయనకు జీతం, కోలుకోవడానికి సమయం దొరికేవి. రెండో దారిలో పూర్తి సర్వీసు పైసలతో పాటు పరిహారం అడిగే హక్కు దొరికేది. నడుము నొప్పి ఎలాగూ ఉండేది. కానీ ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఆపరేషన్ అప్పు తీర్చుకునేంత డబ్బు ఉండేది.

గల్ఫ్‌లో మీవాళ్లు ఎవరైనా జబ్బుతో మంచం మీద ఉంటే ఈరోజు ఫోన్ చేసినప్పుడు మందులు వేసుకున్నావా అని అడగండి. ఆ వెంటనే సెలవు సర్టిఫికెట్ తీసుకున్నావా, ఏదైనా కాగితం మీద సంతకం పెట్టావా అని కూడా అడగండి.